సర్కారు వకీలు అల్లాడి కృష్ణస్వామి అయ్యరు గారు



మన పెన్‌పహాడు పల్లెలవారు భూమి తగాదా వచ్చినచో సూర్యాపేట కోర్టుకు పోవుదురు. అచ్చట సర్కారు పక్షమున వాదించు వకీలును చూచి పలువురు జంకుదురు. రాష్ట్రములోని సర్కారు వకీళ్లలో అందరికంటె పెద్దవానిని అడ్వకేట్ జనరల్ అందురు. ఆ పదవిలో పదునైదేండ్లు ఉండిన యొకరి జీవితమును ఈ మాసము తలంచుకొందము.

అల్లాడి కృష్ణస్వామి అయ్యరు గారు 1883 మే 14న నెల్లూరు జిల్లా పుదూరు గ్రామమున జన్మించిరి. తండ్రి ఏకామ్రశాస్త్రి గారు దేవాలయ అర్చకులు. 1899లో మెట్రిక్యులేషను ముగించి, స్కాట్లాండు మిషనరీలు నెలకొల్పిన మద్రాసు క్రైస్తవ కళాశాలలో చరిత్ర చదివిరి. తీరిక వేళలలో న్యాయశాస్త్ర తరగతులకు పోయి బి.ఎల్. పరీక్షలో గెలిచిరి. మద్రాసులో వకీలుగా పని మొదలుపెట్టి, క్రమక్రమముగా మొదటి వరుసకు వచ్చిరి.

1929లో ఆయన మద్రాసు రాష్ట్ర అడ్వకేట్ జనరల్ అయిరి. పెద్ద వ్యాజ్యెములలో సర్కారు పక్షమున నిలుచుటయు, చట్టము ఏమి చెప్పుచున్నదో సర్కారుకు తెలుపుటయు ఆ పదవిలోని పని. అది తెల్లదొరల ప్రభుత్వము. మరుసటి యేడే ఉప్పు సత్యాగ్రహము జరిగి వేలాదిమంది చెరసాలలకు పోయిరి. ఆయన చెరకు పోలేదు. 1932లో సర్ బిరుదు పొందిరి. ఈ సంగతిని మరుగుపరచ నక్కరలేదు. 1944 వరకు ఆ పదవిలోనే యుండిరి.

అయినను, దేశమునకు రాజ్యాంగము వ్రాయవలసి వచ్చినప్పుడు, చెరసాలల నుండి వచ్చిన కాంగ్రెసు నాయకులే ఆయనను పిలిచిరి. చట్టము నెరిగిన మనిషి వారికి కావలసి యుండెను. 1947 ఆగస్టు 29న ఏర్పడిన ఏడుగురి ముసాయిదా సంఘములో ఆయన యొకరు. అధ్యక్షపీఠము డాక్టరు అంబేద్కరు గారికి దక్కెను. ఆరోగ్యము బాగుండకున్నను అల్లాడి వారు సభ్యుడుగా శ్రమపడిరి. కేంద్రమునకును రాష్ట్రములకును అధికారములు పంచు చిక్కు విషయములలో ఆయన మాటకు మిక్కిలి విలువ యుండెను. 1949 నవంబరు 25న అంబేద్కరు గారు సభలో మాటలాడుచు, తనకంటె సమర్థులు ఆ సంఘములో ఉండిరని చెప్పి, అల్లాడి వారి పేరునే తీసిరి. ఒకరు పీఠముకొరకు పెనుగులాడలేదు, మరియొకరు పీఠమెక్కి గర్వపడలేదు.

అంతకుముందు మద్రాసు రాష్ట్రమున పన్ను కట్టువారికి, ఆస్తి గలవారికి, చదువరులకు మాత్రమే ఓటు. చదువులేని జనమునకు ఓటు ఇచ్చుటకు అనేకులు భయపడిరి. అల్లాడి వారు మాత్రము సామాన్యుని యందు నమ్మకముంచి, వయస్సు వచ్చిన ప్రతివానికి ఓటు ఇచ్చుట మంచిదని సభలో చెప్పిరి. 1951-52లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికలలో అప్పటి మన నల్లగొండ జిల్లా పల్లెలలో దొర ఓటును, జీతగాని ఓటును ఒకే లెక్కలో పడెను.

1953 అక్టోబరు 3న ఆయన కన్నుమూసిరి. నెల్లూరు జిల్లా క్రొత్త ఆంధ్ర రాష్ట్రములో చేరి అప్పటికి రెండు దినములే.

విందులో కడపటి చోట కూర్చుండుమని ప్రభువు నేర్పిన ఉపమానము మనమెరుగుదుము. మన సంఘపు కమిటీలలో పీఠము దొరకనిచో పని మానుకొను వారెందరు? ఈ మాసము ఎవరికి వారు ఆలోచించుకొందుము గాక.