షరతులు లేని ప్రేమను నమ్మిన బిషప్ అజరయ్య

మంచిర్యాలలోనో, పెద్దపల్లిలోనో విజయవాడ వైపు రైలెక్కితే కాజీపేట, వరంగల్, మహబూబాబాద్ దాటాక డోర్నకల్ జంక్షన్ వస్తుంది. పరీక్షలకు, ఇంటర్వ్యూలకు వెళ్తూ మాలో చాలామందిమి ఆ స్టేషన్ చూసినవాళ్ళమే. ఆ ఊళ్ళో ఒక గొప్ప చర్చి ఉందని, దాన్ని కట్టించిన మనిషి కూడా బోర్డింగ్ స్కూల్లో చదువుకున్నవాడేనని మాకు చాలా కాలం తెలియదు. ఈ వార్షికోత్సవ సంచికలో ఆయన జీవితాన్ని మీ ముందు ఉంచుతున్నాం.

ఆయన పేరు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. 1874 ఆగస్టు 17న తమిళనాడులోని తిరునల్వేలి ప్రాంతంలో, వెళ్ళాలన్‌విళై అనే పల్లెలో పుట్టారు. తండ్రి చర్చి గురువు. వాళ్ళది నాడార్ కులం. కల్లుగీత వృత్తి చేసే ఆ కులాన్ని ఆ రోజుల్లో గుడి గడప తొక్కనిచ్చేవారు కాదు. అజరయ్యకు పదిహేనేళ్ళ వయసులోనే తండ్రి చనిపోయారు. తల్లి పెంపకంలో చదువుకుని మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరారు గానీ డిగ్రీ పట్టా అందుకోలేకపోయారు. తర్వాత వై.ఎం.సి.ఎ.లో కార్యదర్శిగా చేరి దేశమంతా తిరిగారు.

1902లో ఆయన శ్రీలంకలోని జాఫ్నా వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో సేవకులను దూరప్రాంతాలకు పంపడం చూసి ఆయన మనసు కదిలింది. మన వాళ్ళు ఎంతకాలం తెల్లదొరల మీద ఆధారపడతారని ఆలోచించి, 1903లో తిరునల్వేలిలో ఒక మిషనరీ సంఘాన్ని స్థాపించడంలో ముందున్నారు. ఆ సంఘం ఎన్నుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్. కొన్నేళ్ళు ఇతరులను పంపించారు. తర్వాత, నేనెందుకు పోకూడదన్న ప్రశ్న ఆయన్ను నిలవనియ్యలేదు. ముప్పై అయిదేళ్ళ వయసులో, 1909లో, మద్రాసు ఉద్యోగం వదిలి డోర్నకల్ వచ్చారు. ఆ వయసులో తెలుగు నేర్చుకున్నారు. ఎడ్లబండి మీద, సైకిల్ మీద పల్లెపల్లె తిరిగారు.

ఆయన వెళ్ళింది ఎక్కువగా మాల, మాదిగ వాడలకు. వెట్టిచాకిరీ, అప్పులు, జబ్బులు, తాగుడు ఆ వాడలను పీడిస్తున్న రోజులవి. ముందు మీరు మారండి, తర్వాత దేవుడు మిమ్మల్ని ప్రేమిస్తాడు అన్నది ఆయన బోధ కాదు. మీరు ఉన్నవాళ్ళు ఉన్నట్టుగానే దేవుడికి ఇష్టులు అన్నది ఆయన మొదటి మాట. మనుషులు మారడం ఆ తర్వాత మొదలయింది. తాగుడు మానినవాళ్ళు, పిల్లలను బడికి పంపినవాళ్ళు పెరిగారు. గ్రామ ఉపాధ్యాయులతోపాటు వాళ్ళ భార్యలకూ డోర్నకల్‌లో శిక్షణ ఇచ్చారు. ఆయన భార్య అన్బు స్త్రీల మధ్య పనిచేశారు. వాడల్లో వచ్చిన ఈ మార్పును చూసి, తర్వాతి కాలంలో ఇతర కులాలవారు కూడా చర్చిలోకి వచ్చారు.

1910లో ఎడిన్‌బరో మహాసభలో, తెల్ల మిషనరీలు భారతీయులకు దానాలు ఇస్తే చాలదని, స్నేహం ఇవ్వాలని ఆయన నిర్భయంగా చెప్పారు. అది చాలామందికి రుచించలేదు. అయినా 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్ అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ చర్చిలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. పట్టా లేని ఆయనకు 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

1930వ దశకంలో దళితుల మతమార్పిడి విషయంలో గాంధీజీకి, ఆయనకు అభిప్రాయభేదం వచ్చింది. పేదవాడికి కూడా ఆత్మ ఉంది, మంచిచెడ్డలు ఎంచుకునే తెలివి ఉంది అన్నది అజరయ్య పట్టుదల. ఈ విషయంలో ఎవరి అభిప్రాయం వారికి ఉండవచ్చు. కానీ మన తాతలను ఆలోచన ఉన్న మనుషులుగా చూసిన ఆ చూపును మేము గౌరవిస్తున్నాం.

ఆయన అన్నీ సాధించలేదు. ఒకే దేవుణ్ణి మొక్కుతూ కూడా మాల క్రైస్తవులు, మాదిగ క్రైస్తవులు వేరు వేరుగా కూర్చోవడం ఆయన కాలంలో పోలేదు. ప్రేమను పొందడం తేలిక, పక్కవాడికి పంచడం కష్టం అని దీనివల్ల తెలుస్తోంది.

మసీదు గుమ్మటాలు, గుడి స్తంభాలు కలిసినట్టుండే డోర్నకల్ కెథడ్రల్ పూర్తి కావడానికి ఇరవై ఏళ్ళకు పైగా పట్టింది. 1939 జనవరి 6న దాని ప్రతిష్ఠ జరిగింది. 1945 జనవరి 1న అజరయ్య డోర్నకల్‌లోనే కన్నుమూశారు. ఆయన ఎంతో పాటుపడిన దక్షిణ భారత సంఘం 1947 సెప్టెంబరు 27న ఏర్పడింది. అది చూడకుండానే ఆయన వెళ్ళిపోయారు.

తమ్ముళ్ళారా, మన హాస్టళ్ళలో అన్ని మతాల వాళ్ళం ఉన్నాం. చర్చికి పోయేవాళ్ళు, గుడికి పోయేవాళ్ళు, ఎక్కడికీ పోనివాళ్ళు అందరం ఒకే వరుసలో పళ్ళెం పట్టుకుని నిలబడి తిన్నాం. ఫెయిలైనవాడినీ, తప్పు చేసినవాడినీ, మన కులం కానివాడినీ ముందు దగ్గరికి తీసుకోండి. మార్పు తర్వాత వస్తుంది. అజరయ్య జీవితం నుంచి మేము నేర్చుకున్నది ఇదే.