ఏ చదువు? ఎవరి కోసం?

పరీక్షలు ముగియగానే మన పార్వతీపురంలోనూ ఇంటింటా ఒకటే మాట: బిడ్డను డాక్టరును చేద్దామా, ప్లీడరును చేద్దామా?

మేరీ గ్లౌరీ 1887లో ఆస్ట్రేలియాలో జన్మించారు. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో ఆర్ట్స్ చదువు మొదలుపెట్టి, మధ్యలో వైద్యానికి మారారు. 1910లో డాక్టరై మెల్‌బోర్న్‌లోనే స్థిరపడ్డారు. 1915లో ఒక చిన్న పుస్తకం ఆమె చేతికి వచ్చింది. పురుష వైద్యులకు చూపించుకోలేక మన దేశంలో తల్లులు, పసికందులు ప్రాణాలు కోల్పోతున్నారని చదివి చలించిపోయారు. 1920లో గుంటూరు చేరి జె.ఎం.జె. మఠకన్య అయ్యారు. పోపుగారి ప్రత్యేక అనుమతితో వైద్యం చేస్తూ, 1943లో కతోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు. 1957లో ప్రభువునందు నిద్రించారు.

గమనించారా? ఆమె ఏ చదువు చదవాలో విద్యార్థిగా ఉండగానే తేలింది. అది ఎవరి కోసమో డాక్టరయిన అయిదేళ్ళకు తేలింది. మీ బిడ్డతో మొదటి ప్రశ్న తప్పక మాట్లాడండి, రెండవది మరువకండి.