విద్యాదీక్ష: కొర్నీలియా సొరాబ్జీ

పరీక్షలో ఉత్తీర్ణులైనవారికి పట్టా లభించడం లోకరీతి. ఉత్తీర్ణత పొందిన మూడు దశాబ్దాలకు గాని పట్టా చేతికందని విద్యావతి కొర్నీలియా సొరాబ్జీ.

ఆమె 1866 నవంబరు 15న నాసిక్‌లో జన్మించింది. తండ్రి క్రైస్తవ మతం స్వీకరించిన పార్సీ. తల్లి ఫ్రాన్సినా పుణెలో పాఠశాలలు నెలకొల్పిన విదుషి. కష్టాలపాలైన స్త్రీలు ఆమె సలహా కోరి వచ్చేవారు. ఆస్తి ఉండీ దానిని కాపాడుకొనే దారి తెలియని ఆ అభాగినుల గాథలు బాలిక మనస్సులో నాటుకున్నాయి. న్యాయశాస్త్రం చదవాలన్న సంకల్పానికి అవే బీజాలు.

కొర్నీలియా దక్కన్ కళాశాలలో చదివి, బొంబాయి విశ్వవిద్యాలయ పట్టభద్రులలో తొలి మహిళ అయింది. ప్రథమ శ్రేణి సాధించినా, ఇంగ్లండులో చదువుకు ప్రభుత్వమిచ్చే విద్యార్థివేతనం స్త్రీ అన్న కారణంతో ఆమెకు దక్కలేదు. ఫ్లారెన్స్ నైటింగేల్ మొదలైన సహృదయుల ధనసహాయంతో 1889లో ఆమె ఆక్స్‌ఫర్డ్‌లోని సోమర్విల్‌లో చేరింది.

ఆంగ్ల న్యాయశాస్త్రాధ్యయనం సులభసాధ్యం కాదు. ఆ దేశపు న్యాయమంతా ఒకే శాసనగ్రంథంలో ఇమిడి లేదు. పార్లమెంటు చేసిన చట్టాలతో పాటు శతాబ్దాలుగా న్యాయమూర్తులు ఇచ్చిన తీర్పులు కూడా అక్కడ ప్రమాణాలే. సామాన్య న్యాయానికీ, దాని కాఠిన్యాన్ని సడలించే సమన్యాయానికీ పూర్వం వేర్వేరు న్యాయస్థానాలుండేవి. 1873, 1875 సంవత్సరాల చట్టాలు వాటిని ఏకం చేశాయి. ఏ సూత్రం ఏ వివాదంలో, ఏ కారణంతో స్థిరపడిందో విద్యార్థి మననం చేసుకోవాలి. రోమన్ న్యాయం దీనికి అదనం. ఆల్ సోల్స్ కళాశాల అధిపతి సర్ విలియం ఆన్సన్ అనుమతితో, పురుషులకే పరిమితమైన అక్కడి గ్రంథాలయంలో కొర్నీలియా చదువుకుంది.

1892లో బి.సి.ఎల్. పరీక్ష సమీపించింది. అంతకుముందు ఏ స్త్రీ ఆ పరీక్ష రాయలేదు. ఆమెను వేరుగా కూర్చోబెట్టి రాయించాలని అధికారులు తలచారు. తోటి విద్యార్థులతో సమానంగా పరీక్షాభవనంలోనే రాస్తానని ఆమె పట్టుబట్టింది. పునశ్చరణ సాగవలసిన చివరి దినాలు ఈ పోరాటంతోనే గడిచాయి. ఎట్టకేలకు విశ్వవిద్యాలయ సభ ప్రత్యేక తీర్మానంతో అనుమతించింది. ఆమె తృతీయ శ్రేణిలో ఉత్తీర్ణురాలైంది. కాని స్త్రీలకు పట్టాలిచ్చే నియమం నాడు లేదు.

స్వదేశానికి వచ్చాక 1904లో బెంగాల్ ప్రభుత్వ కోర్ట్ ఆఫ్ వార్డ్స్‌లో ఆమె నియమితురాలైంది. పురుష న్యాయవాదులకు ప్రవేశంలేని అంతఃపురాలకు వెళ్లి, దాదాపు 600 మంది స్త్రీలకు, అనాథ బాలలకు అండగా నిలిచింది. 1920లో ఆక్స్‌ఫర్డ్ స్త్రీలకు పట్టాలివ్వడం ప్రారంభించింది. ఆమె 1922లో తన పట్టా అందుకొని, 1924లో కలకత్తా హైకోర్టు న్యాయవాది అయింది. అప్పటికామె వయస్సు యాభై ఏడు దాటింది.

ఆమె బ్రిటిష్ పాలనను సమర్థించి, జాతీయోద్యమాన్ని విమర్శించింది. ఆ అభిప్రాయాలతో ఏకీభవించనివారు సైతం ఆమె విద్యాదీక్షను కొనియాడక మానరు. 1954 జూలై 6న కొర్నీలియా లండన్‌లో కన్నుమూసింది. పట్టా రాలేదని ఆమె విద్యను నిష్ఫలం కానీయలేదు. ఆర్తులకు ఉపయోగపడటంలోనే దానికి సార్థకత చేకూర్చింది.