చేతిలో టెంకాయ చిప్ప, మనసులో రాముడు: వాసుదాసు గారి కథ



మన కర్లపాలెం వైపు రైతును చూడండి. కాలవకి నీళ్లు వదలకముందే గట్లు సరిచేసుకుంటాడు, నారుమడి సిద్ధం చేసుకుంటాడు. నీళ్లు వచ్చాక మొదలుపెడదాం అనుకుంటే ఆ ఏడు పంట ఉండదు. ప్రార్థన కూడా అంతే. అలా బతికి చూపించిన మహానుభావుడే వావిలికొలను సుబ్బారావు గారు.

ఈయన 1863లో కడప సీమలో పుట్టారు. మొదట రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌గా చేశారు, తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితులయ్యారు. వాల్మీకి రామాయణం మొత్తాన్ని, అంటే సుమారు 24 వేల శ్లోకాలను, తెలుగు పద్యాల్లోకి తెచ్చి 1908లో ఒంటిమిట్ట కోదండరాముడికి అంకితమిచ్చారు. ఆంధ్ర వాల్మీకి అన్న పేరు అలా వచ్చింది.

అయితే ఆ రాముడి గుడి అప్పటికి బాగా దెబ్బతిని ఉంది. బాగు చేయాలంటే చాలా డబ్బు కావాలి. ఈయన దగ్గర అంత లేదు. రామా, నువ్వే చూసుకో అని దణ్ణం పెట్టి ఇంటికెళ్లిపోవచ్చు కదా? వెళ్లలేదు. ఒక టెంకాయ చిప్ప చేతిలోకి తీసుకుని ఊరూరా తిరిగారు. అంత పేరున్న పండితుడు చెయ్యి చాచి అడగడమంటే మాటలా! ఎవరైనా నవ్వొచ్చు, ఎవరూ ఇవ్వకపోవచ్చు. అయినా ఖాళీ చిప్పతోనే బయలుదేరారు.

ఇవ్వాల్సింది రాముడు, పట్టుకోవాల్సింది తను. ఆయన లెక్క అదే. అందులో పడిన ప్రతి కాసూ రాముడిదే. అలా పోగైన డబ్బుతోనే గుడి మళ్లీ కళకళలాడింది. ఆ చిప్ప మీద ఆయన ఏకంగా ఒక శతకమే రాశారు!

తర్వాత వాసుదాసు అన్న పేరుతో మన వైపే వచ్చారు. తెనాలి పక్కన అంగలకుదురులో ఆయన ఆశ్రమం వెలిసింది. రామాయణానికి మందరం అనే గొప్ప వ్యాఖ్యానం కూడా రాశారు. 1936లో రాముడిలో కలిసిపోయారు. ఈరోజు ఒంటిమిట్టలో వెన్నెల్లో జరిగే సీతారామ కల్యాణానికి జనం వేలల్లో వస్తున్నారు.

ఫ్రెండ్స్, ఉద్యోగం కోసమో, ఇంట్లో వాళ్ల ఆరోగ్యం కోసమో మనమూ రోజూ దేవుణ్ణి అడుగుతూనే ఉంటాం. అడగడం తప్పు కాదు. కానీ ఇంటర్వ్యూకి చదవకుండా, డాక్టర్ దగ్గరికి వెళ్లకుండా అడిగితే చిప్ప లేకుండా భిక్షకి వెళ్లినట్టే. ఆయన ఇచ్చే రోజుకి మన చేతిలో పాత్ర ఉండాలి. ఖాళీగా ఉన్నా ఫర్వాలేదు!

ఈసారి తెనాలి వెళ్తే అంగలకుదురులో ఒక్కసారి ఆగండి. జై శ్రీరామ్!