తల్లుల రక్తానికి బలమిచ్చిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

అయిజ: కడుపుతో ఉన్న ఆడవాళ్లకు ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఎర్ర మాత్ర నడిగడ్డ పల్లెల్లో అందరికీ తెలిసినదే. ఇనుము, ఫోలిక్ ఆమ్లం కలిపి చేసిన ఆ మాత్రను కొందరు క్రమంగా మింగుతారు. కొందరు గూట్లో పెట్టి మరచిపోతారు. అందులోని ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన శాస్త్రజ్ఞుల జట్టును నడిపినవారు ఒక తెలుగు డాక్టరు. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు. ఒక్క బిడ్డను మోసే తల్లికే అవసరమైన ఈ మందు, కవలలను మోసే తల్లికి మరింత అవసరం. ఆ మందు వెనుక ఉన్న జీవితం కష్టాలతో నిండినది.

కాశీకి పారిపోయిన బాలుడు

సుబ్బారావు 1895 జనవరి 12న పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. జబ్బు పడి ముందుగానే కొలువు మానుకోవడంతో ఇల్లు గడవడం కష్టమైంది. పదమూడేళ్ల వయసులో సుబ్బారావు కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు గడించాలని ఇల్లు విడిచి వెళ్లారు. తల్లి వెంకమ్మ వెనక్కి రప్పించి మళ్లీ బడికి పంపింది. చదువు సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు.

తర్వాత మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. స్నేహితులు, ఆయనకు పిల్లనిచ్చిన కస్తూరి సూర్యనారాయణమూర్తి చదువుకు ఆసరాగా నిలిచారు. 1919లో శేషగిరితో వివాహం జరిగింది. గాంధీజీ పిలుపు విని సుబ్బారావు ఖద్దరు కోటు వేసుకుని ఆపరేషన్ గదికి వెళ్లడం ఇంగ్లీషు ప్రొఫెసరుకు నచ్చలేదు. దాంతో ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు అంతకంటె చిన్నదైన ఎల్.ఎం.ఎస్. పట్టా దక్కింది. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం రాలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నడిపిన ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి బతుకు సాగించారు.

అన్నదమ్ములను మింగిన జబ్బు

ఆ రోజుల్లోనే ఆ ఇంటిమీద పిడుగు పడింది. సుబ్బారావు అన్న, తమ్ముడు కొద్ది రోజుల తేడాతో చనిపోయారు. ఇద్దరినీ పొట్టన పెట్టుకున్నది స్ప్రూ అనే సంగ్రహణి జాతి జబ్బు. ఈ జబ్బులో తిన్నది ఒంటికి పట్టదు. విరేచనాలు ఆగవు. నాలుక పూసి, రక్తం పలుచబడి మనిషి నీరసించిపోతాడు. అప్పట్లో దీనికి నమ్మదగిన మందు లేదు. సుబ్బారావుకు కూడా అదే జబ్బు సోకింది. లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో ఆయన బతికి బయటపడ్డారు. మందు కనుక్కోవాలన్న పట్టుదల అప్పటినుంచి ఆయనను వదలలేదు.

మామగారి సాయంతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతోను ఓడ ఎక్కారు. ఇంగ్లండు మీదుగా అమెరికాలోని బోస్టన్ చేరారు. చేతిలో డబ్బు లేక ఆసుపత్రిలో రాత్రిపూట నౌకరీ చేస్తూ హార్వర్డులో చదువుకున్నారు. రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రొఫెసర్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించారు. కండరాలకు శక్తినిచ్చే ఏ.టి.పి. అనే పదార్థాన్ని గురించి వారిద్దరి పరిశోధన 1929లో వెలువడింది. ఇంత చేసినా హార్వర్డు ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లే మందుల కంపెనీలో చేరి పరిశోధన బాధ్యత చేపట్టారు.

బొంబాయి మిల్లు కూలీలు చూపిన దారి

ఫోలిక్ ఆమ్లం కథ గర్భిణుల దగ్గరే మొదలైంది. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ 1928లో బొంబాయి వచ్చారు. బట్టల మిల్లుల్లో పనిచేసే బీద గర్భిణులు రక్తం లేక పాలిపోయి చనిపోతున్నారు. వాళ్లకు మంచి తిండి లేకపోవడమే కారణమని ఆమె గుర్తించారు. ఈస్టు సారం పెడితే వాళ్ల రక్తం తిరిగి పుంజుకోవడం చూసి 1931లో ఆ సంగతి ప్రకటించారు. అయితే అందులో పనిచేసిన పదార్థం ఏదో అప్పటికి తేలలేదు.

1941లో అమెరికా శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుంచి ఆ పదార్థాన్ని పిసరంత రాబట్టారు. ఆకులో దొరికింది గనుక, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాటతో దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. టన్నులకొద్దీ ఆకు నూరితే పిసరంత మందు వచ్చే పద్ధతి బీదవాళ్లకు ఎన్నటికీ అందదు. సుబ్బారావు జట్టు కాలేయంనుంచి ఆ పదార్థాన్ని వేరుచేసి, దాని నిర్మాణం తెలుసుకుని, 1945లో ప్రయోగశాలలోనే తయారుచేసింది. ఆ వార్త ప్రకటించిన వ్యాసంలో సుబ్బారావు పేరు జట్టులోని పలువురి పేర్ల మధ్య ఒకటిగా ఉన్నది. పేరుకోసం ఆయన పాకులాడలేదు.

డాక్టర్ టామ్ స్పైస్ 1945-46లో అమెరికాలోను, క్యూబాలోను రోగులకు ఈ మందు ఇచ్చి చూశారు. పాలిపోయిన మనుషులు తేరుకున్నారు. వారిలో స్ప్రూ రోగులు కూడా ఉన్నారు. అన్నదమ్ములు పోయిన పాతికేళ్లకు ఆ జబ్బుకు మందు దొరికింది.

ఇద్దరిని మోసే తల్లి

మన ఒంట్లో కొత్త కణం పుట్టాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. కడుపులో ఒక్క బిడ్డ ఉన్నప్పుడే తల్లి ఒంట్లో రక్తంలోని నీటి భాగం దాదాపు సగం మేర పెరుగుతుంది. ఇద్దరుంటే ఇంకా పెరుగుతుంది. ఇద్దరు బిడ్డలు, వాళ్ల మాయ, తల్లి రక్తం అన్నీ ఒకేసారి పెరగాలి. ఇనుము, ఫోలిక్ ఆమ్లం చాలకపోతే రక్తం పలుచబడుతుంది. కవలల తల్లుల్లో రక్తహీనత ఎక్కువగా కనిపించడానికి ఇదే కారణం. జంట అరటిపండు తింటే కవలలు పుడతారని మన పల్లెల్లో చెప్పుకుంటారు. అందులో నిజం లేదు. ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని గర్భిణికి తిండి తగ్గించేవారూ ఉన్నారు. కవలలున్నప్పుడు ఈ అలవాటు తల్లికి, పిల్లలకు కూడా ముప్పు.

మన దేశంలో గర్భిణులకు ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలు పంచే పథకం 1970లో మొదలైంది. ఇప్పటి పద్ధతి ప్రకారం మొదటి మూడు నెలలు ఫోలిక్ ఆమ్లం మాత్ర, నాలుగో నెలనుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు ఎర్ర మాత్ర, కాన్పు తర్వాత మరో 180 రోజులు అదే మాత్ర వాడాలి. రక్తంలో హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత. 7కు తగ్గితే ప్రమాదం. కవలలని స్కానింగులో తేలితే మోతాదు పెంచాలా వద్దా అన్నది డాక్టరు చెబుతారు, సొంతంగా పెంచుకోరాదు. మాత్ర వాడితే విరేచనం నల్లగా అవుతుంది, దానికి భయపడనక్కరలేదు. మాత్ర మింగే వేళ టీ తాగితే ఇనుము ఒంటికి పట్టదు. వేరుశనగ, శనగలు, పెసలు, ఆకుకూరల్లో ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. ఆకుకూరను గంటలకొద్దీ ఉడికించి నీరు పారబోస్తే అది పోతుంది.

కాన్పు వేళ, తర్వాత

ఇద్దరు బిడ్డలతో బాగా సాగిన గర్భసంచి కాన్పు కాగానే గట్టిగా ముడుచుకోదు. అందువల్ల రక్తస్రావం ఎక్కువవుతుంది. రక్తం నిండుగా ఉన్న తల్లి తట్టుకుంటుంది, పాలిపోయిన తల్లి తట్టుకోలేదు. అందుకే కవలల కాన్పు ఇంట్లో జరగరాదు. రక్తం, ఆపరేషన్ సౌకర్యం ఉన్న ఆసుపత్రిలోనే జరగాలి. అయిజ చుట్టుపక్కల పల్లెలనుంచి గద్వాల చేరడానికి పట్టే సమయం లెక్కవేసుకుని, నొప్పులు రాకముందే బండి మాట్లాడి పెట్టుకోవడం మేలు.

కవలలు చాలావరకు నెలలు నిండకుండానే, రెండున్నర కిలోలకు తక్కువ బరువుతో పుడతారు. బిడ్డ తన ఇనుమును కడుపులో చివరి మూడు నెలల్లోనే కూడబెట్టుకుంటుంది. ముందుగా పుట్టిన బిడ్డకు ఆ నిలువ తక్కువ. డాక్టరు రాసిన చుక్కల మందు ఇద్దరికీ మానకుండా వేయాలి. పుట్టగానే స్నానం చేయించకుండా తల్లి ఎదమీద ఒంటికి ఒళ్లు ఆనేలా పడుకోబెట్టి వెచ్చగా ఉంచాలి. ఇద్దరికి పాలు చాలవన్న భయంతో చక్కెర నీళ్లు, తేనె, గాడిద పాలు పట్టకూడదు. పిల్లలు ఎంత తాగితే పాలు అంత పడతాయి. ఆరు నెలలు తల్లిపాలే ఆహారం. చప్పరించలేని బిడ్డకు పాలు పిండి చెంచాతో పట్టాలి.

తిరిగి రాని ప్రయాణం

సుబ్బారావు ఫోలిక్ ఆమ్లంతో ఆగలేదు. బోదకాలు పురుగును చంపే హెట్రజాన్, పిల్లల రక్త క్యాన్సరుకు 1947-48లో డాక్టర్ ఫార్బర్ వాడి చూసిన అమినోప్టెరిన్, 1948లో లోకానికి తెలిసిన ఆరియోమైసిన్ ఆయన విభాగంనుంచే వచ్చాయి. ఆరియోమైసిన్ జాతి మందును ఫోలిక్ ఆమ్లంతో కలిపి ఇవ్వడమే తర్వాత స్ప్రూకు వైద్యమైంది.

ఇంటి సుఖం మాత్రం ఆయనకు దక్కలేదు. పుట్టిన ఒక్క కొడుకు పసితనంలోనే పోయాడు. ఓడ ఎక్కిన భర్తను శేషగిరమ్మ మళ్లీ చూడలేదు. 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో గుండెజబ్బుతో సుబ్బారావు కన్నుమూశారు. వయసు 53 ఏళ్లు. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్ల విడుదల చేసింది.

ఆయన పోయిన చాలా ఏళ్లకు, 1991లో మరో మేలు రుజువైంది. గర్భం దాల్చకముందే ఫోలిక్ ఆమ్లం మొదలుపెట్టిన స్త్రీల బిడ్డల్లో వెన్నెముక మూసుకోని లోపం బాగా తగ్గిందని ఏడు దేశాల్లో జరిగిన పరీక్ష తేల్చింది. బిడ్డ వెన్ను గర్భం నిలిచిన మొదటి నెలలోనే మూసుకుంటుంది. కనుక బిడ్డ కావాలనుకున్న దంపతులు నెల తప్పేదాకా ఆగకుండా ముందే ఆరోగ్య కేంద్రంలో అడిగి ఈ మాత్ర తీసుకోవడం మంచిది.