తునికి చెట్టూ, రాక్స్‌బర్గ్ దొర

ఎండాకాలం ఒంటిపూట బడి విడిచాక గుట్ట మీదికి పరుగెత్తి తునికి పండ్లు తిన్న రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఆ గుట్ట కిందే చదువుకున్న నేను, తర్వాత ఇదే బడిలో జీవశాస్త్రం చెప్పాను. ఒక ఏడు పరీక్షలో ఒక పిల్లవాడు చెట్ల పేర్లు తునికి, మోదుగ, సోమిడి అని రాశాడు. శాస్త్రీయ నామాలు రాయలేదని మార్కులు కోశాను. వాడు మారు మాట్లాడలేదు. నేను చేసింది తప్పని రిటైరయ్యాక తెలిసింది. తెలియజెప్పింది రెండు వందల ఏళ్ల కిందట కన్నుమూసిన విలియం రాక్స్‌బర్గ్. ఈ స్వర్ణోత్సవ సంచికలో ఆయన కథ చెప్పుకోవడం నాకు బాకీ తీర్చుకోవడం లాంటిది.

రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లండులో పుట్టారు. ఎడింబరోలో వైద్యం, దానితోపాటు వృక్షశాస్త్రం చదివారు. 1776లో మద్రాసులో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా చేరారు. 1781లో గోదావరి ప్రాంతంలోని సామర్లకోటకు బదిలీ అయ్యారు. చేసేది డాక్టరు ఉద్యోగమైనా మనసంతా మొక్కల మీదే. అక్కడే తోట వేసి మిరియం, కాఫీ, దాల్చినచెక్క పెంచి చూశారు. వానా ఎండల లెక్కలు రాసుకున్నారు. 1787లో తీరాన్ని ముంచిన ఉప్పెనలో ఆయన కాగితాలు పోయాయి. ఇంకొకరైతే అక్కడితో మానుకునేవారు. ఆయన మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టారు. ఆ వెంటనే వచ్చిన పెద్ద కరువును కళ్లారా చూసి, కొబ్బరి, పనస, అరటి, తాటి వంటి తిండినిచ్చే చెట్లు విరివిగా నాటించాలని కంపెనీకి రాశారు.

ఆయన పని తీరులో నన్ను ఆపేసిన సంగతి ఒకటుంది. కొత్త చెట్టు కనబడితే ముందు దాన్ని అక్కడివాళ్లు ఏమని పిలుస్తారో తెలుసుకుని, ఆ తెలుగు పేరు రాసుకునేవారు. దాని కలప, బెరడు, పండు దేనికి పనికొస్తాయో కూడా రాసేవారు. మన చిత్రకారుల చేత బొమ్మలు వేయించేవారు. అందులోంచి ఎంచిన 300 రంగుల చిత్రాలతో కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథం 1795 నుంచి మూడు సంపుటాలుగా లండనులో వెలువడింది. పేరుకు అది తీరం పుస్తకమే. కానీ అందులోని చెట్లు ఎన్నో నల్లగొండ గుట్టల్లో, పాలమూరు వైపు నల్లమలలో మనకు ఎదురయ్యేవే. మోదుగ పూల గుత్తి అందులో ఉంది. బీడీ ఆకుల కోసం మనవాళ్లు కోసే తునికికి శాస్త్రీయ నామం పెట్టింది ఆయనే. ఆ పేరులో నల్లకట్టె అనే అర్థం ఉంది. పాలకొడిశ ఆకు నుంచి నీలిరంగు తీసి చూపిందీ ఆయనే.

సోమిడి సంగతి మరీ ముఖ్యం. దాని బెరడు జ్వరానికి పనిచేస్తుందని తెలిసి, ఖరీదైన సింకోనా బెరడుకు బదులుగా వాడవచ్చునేమోనని ఆయన ఆశపడ్డారు. 1794లో ఎడింబరోలో ఒక వైద్య విద్యార్థి దాని మీదే సిద్ధాంత వ్యాసం రాశాడు. తర్వాత ఆ చెట్టు ప్రజాతికి శాస్త్రజ్ఞులు స్థిరపరచిన పేరు సొయ్మిడా. అంటే మన సోమిడే! ఆ పిల్లవాడు రాసిన పేరే లాటిన్ వేషం వేసుకుని ప్రపంచమంతా తిరుగుతోంది. నేను దానికే సున్నా వేశాను.

1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా బొటానికల్ గార్డెనుకు అధిపతిగా వెళ్లారు. ఇరవై ఏళ్లు దాన్ని పెంచారు. రెండున్నర వేలకు పైగా మొక్కల బొమ్మలు వేయించారు. ఆరోగ్యం చెడి 1813లో దేశం విడిచి, 1815లో ఎడింబరోలో కన్నుమూశారు. జీవితమంతా ధారపోసి రాసిన ఫ్లోరా ఇండికాను అచ్చులో చూసుకోలేదు. దాన్ని ఆయన మిత్రుడు విలియం కేరీ శ్రీరాంపూరులో అచ్చువేయించారు.

ఆయన కంపెనీ ఉద్యోగి, కంపెనీ లాభం చూసిన మనిషే. బొమ్మలు వేసిన మనవాళ్ల పేర్లు, చెట్ల పేర్లు చెప్పిన మనవాళ్ల పేర్లు ఆ గ్రంథంలో కనబడవు. అది లోటే. అయినా వాళ్ల నోటి మాట మాత్రం అందులో నిలిచింది.

ఇప్పుడు ఫిబ్రవరిలో హైదరాబాదు పూల ప్రదర్శనలకు వెళితే ప్రతి విదేశీ పువ్వుకూ పేరు పలక ఉంటుంది. అదే నెలలో మన గుట్ట మీద మోదుగ ఎర్రగా పూస్తుంది, దానికి పలక లేదు. జడ్చర్ల ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో తెలంగాణ బొటానికల్ గార్డెన్ పెంచి దారి చూపారు. మనమూ ఈ ఉత్సవ గుర్తుగా బడి ఆవరణలో పది ఊరి చెట్లు నాటుదాం. పలక మీద తెలుగు పేరు ముందు, లాటిన్ పేరు తర్వాత రాద్దాం. ఊళ్లో పెద్దలను అడిగి పేర్లు తేవడం పూర్వ విద్యార్థుల వంతు. ఎవరు చెప్పారో కూడా ఆ పలక మీదే రాద్దాం.

ఆ పిల్లవాడు ఈ సంచిక చదువుతుంటే, సోమిడి మొక్క నాటే పని అతనిదే. పక్కన నీళ్లు పోయడానికి నేనుంటాను.