ఇంటి సేవకు కొలత చూపిన ఫ్లారెన్స్ నైటింగేల్

మన సంఘ సభ్యులలో చాలామందిమి డెబ్బై దాటినవారమే. పిల్లలు ఉద్యోగాలరీత్యా దూరాన ఉండగా, మంచం పట్టిన భార్యకో, భర్తకో జీతమిచ్చి మనిషిని పెట్టుకోవలసిన రోజులు వచ్చినవి. ఆ సేవ సరిగా జరుగుతున్నదో లేదో తెలుసుకొనుట ఎట్లా? ఈ ప్రశ్నకు నూట అరవై ఏళ్ళ క్రితమే దారి చూపిన ఫ్లారెన్స్ నైటింగేల్ జీవితాన్ని క్లుప్తంగా మనవి చేస్తున్నాను.

ఆమె 1820 మే 12న ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో, సంపన్న ఇంగ్లీషు కుటుంబంలో జన్మించింది. ఊరి పేరే బిడ్డకు పెట్టారు. చిన్ననాటినుండి ఆమెకు లెక్కలంటే మక్కువ. ఆ రోజుల్లో నర్సు పనికి గౌరవం లేదు. ఇంట్లో ఎంత వద్దన్నా వినక, 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో ఆ పని నేర్చుకొన్నది.

1854లో క్రిమియా యుద్ధ సమయాన 38 మంది నర్సులతో టర్కీలోని స్కుటారి సైనిక ఆసుపత్రికి వెళ్ళింది. రాత్రివేళ దీపం పట్టుకొని రోగులను చూసేదని లోకమంతా కొనియాడింది. కాని ఆ చలికాలంలో గాయాలకంటె రోగాలతోనే సైనికులు ఎక్కువగా మరణించారు. 1855 మార్చిలో వచ్చిన పారిశుద్ధ్య కమిషన్ మురుగు కాలువలు బాగుచేయించి, గదులకు గాలి వచ్చే ఏర్పాటు చేసిన తరువాత మరణాలు బాగా తగ్గినవి. 1856లో స్వదేశానికి తిరిగివచ్చి, విలియం ఫార్ అనే గణాంక నిపుణుని సాయంతో లెక్కలు తీసినప్పుడు ఆమెకు ఈ సంగతి స్పష్టమైంది. ఎంత ఆప్యాయంగా చూశామన్నది కాదు, చివరకు రోగికి ఏమైందన్నదే కొలత అని గ్రహించింది.

1857 నుండి ఆమె కూడా జబ్బుపడి, చాలా ఏళ్ళు గది దాటలేకపోయింది. ఇతరుల సేవమీద ఆధారపడుట ఏమిటో అనుభవించింది. 1859లో ఆమె వ్రాసిన నర్సింగు పుస్తకం ఇంట్లో రోగిని చూసుకొనే సామాన్య స్త్రీలకోసమే. గాలి, వెలుతురు, పక్క శుభ్రం, ఆహారం, చప్పుడు వంటి చిన్న విషయాలన్నీ అందులో ఉన్నవి. చూసేవారు ఇంట్లో ఉన్నప్పుడు జరిగే పని, లేనప్పుడు కూడా జరిగే ఏర్పాటు ఉండాలన్నది అందులో ముఖ్యమైన మాట. రాత్రి బాగా గడిచిందా అని అడిగితే లాభం లేదు, ఎన్ని గంటలు నిద్రపోయారు, ఏ వేళలో పోయారు అని అడగాలన్నది మరొకటి.

ఆ 1859లోనే లివర్‌పూల్‌లో విలియం రాత్‌బోన్ అనే వర్తకుడు, చనిపోయిన తన భార్యను ఇంట్లో చూసుకొన్న నర్సునే పేదల ఇళ్ళకు పంపసాగాడు. శిక్షణ పొందిన నర్సులు చాలక నైటింగేల్‌ను సలహా అడిగాడు. ఆమె సలహాపై అక్కడి ఆసుపత్రిలోనే శిక్షణ పాఠశాల వెలసింది. ఊరిని 18 భాగాలు చేసి ఇంటింటికీ నర్సులను పంపారు. ఇంట్లో డాక్టరు పక్కన ఉండడు గనుక, ఇళ్ళకు వెళ్ళే నర్సుకు ఆసుపత్రి నర్సుకంటె ఎక్కువ శిక్షణ కావాలని ఆమె వాదించింది.

ఇక నా అనుభవం. రెండేళ్ళ క్రితం మా ఇంటావిడకు పక్షవాతం వస్తే ఒక సంస్థద్వారా మనిషిని కుదుర్చుకొన్నాను. వేళకు వచ్చేది, మర్యాదగా మాట్లాడేది. రాత్రి ఎట్లా ఉన్నారని అడిగితే బాగానే ఉన్నారని చెప్పేది. నేను తృప్తిపడ్డాను. నెల తిరక్కుండా ఆవిడ వీపున పుండు పడింది. రాత్రిళ్ళు పక్కకు తిప్పవలసిన పని ఎవరిదో సంస్థా చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆఫీసులో ముప్పై ఏళ్ళు రిజిస్టర్లు వ్రాసినవాణ్ణి, ఇంట్లో ఒక్క కాగితం పెట్టలేదు! అప్పటినుండి మంచం పక్కన ఒక నోటు పుస్తకం ఉంచాము. ఎప్పుడు తిప్పినది, ఎంత తిన్నది, ఎన్ని గంటలు నిద్రపోయినది, చర్మం ఎట్లా ఉన్నది అందులో వ్రాస్తారు. పుండు మానడానికి మూడు నెలలు పట్టింది.

నైటింగేల్ 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ పొందిన మొదటి మహిళ అయింది. 1910 ఆగస్టు 13న, తొంభయ్యవ ఏట, లండనులోని తన ఇంట్లో కన్నుమూసింది. ఆమె దీపాన్ని అందరం తలుచుకొంటాము. ఆమె లెక్కను కూడా మన ఇళ్ళలో పాటించవలసిందిగా సభ్యులకు నా విన్నపం.